డీఎన్‌ఏను కోసే ఎంజైములు, మన సాంబ మసూరి

హోసూరు, కృష్ణగిరి అంగళ్లలో ‘ఆంధ్రా పొన్ని’ అని మనం కొనే బియ్యం బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. ఆ వంగడంలోని ఒక జన్యువును సవరించి, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ‘కమల’ (డీఆర్‌ఆర్ ధాన్ 100) అనే రకాన్ని తయారుచేసింది. కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025 మే 4న దీన్ని ప్రకటించారు.

డీఎన్‌ఏను కోసే ఎంజైములు బ్యాక్టీరియాలో సహజంగానే ఉంటాయి. తమ మీద దాడిచేసే వైరస్‌ల డీఎన్‌ఏను ముక్కలు చేయడం వాటి పని. మొదట తెలిసిన రెస్ట్రిక్షన్ ఎంజైములు గుర్తించేది కొద్ది అక్షరాలనే. ఈకోఆర్ఐ అనే ఎంజైము ‘జీఏఏటీటీసీ’ కనబడిన ప్రతిచోటా కోస్తుంది. వరి జన్యురాశిలో అలాంటి చోట్లు వేలకు వేలు. క్రిస్పర్ పద్ధతిలో కాస్ ఎంజైముకు దారి చూపే చిన్న ఆర్‌ఎన్‌ఏను జతచేస్తారు. సుమారు 20 అక్షరాలు సరిపోలిన చోటే కోత పడుతుంది. ఈ పద్ధతికి ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా 2020లో నోబెల్ అందుకున్నారు.

ఎంజైము పని కోయడం వరకే. తెగిన చోటును మొక్క తానే అతుక్కుంటుంది. ఆ అతుకులో ఒకటి రెండు అక్షరాలు తప్పినా జన్యువు పనిచేయడం మానేయవచ్చు. కమలలో అలా ఆపింది సీకేఎక్స్2 జన్యువును. గింజల సంఖ్యను పెంచే సైటోకైనిన్ హార్మోను ఆ జన్యువు వల్ల తగ్గిపోతుంటుంది. దాన్ని ఆపితే వెన్నుకు గింజలు ఎక్కువవుతాయి. దిగుబడి 19 శాతం ఎక్కువని, కోత 20 రోజులు ముందని సంస్థ చెబుతోంది. కృష్ణగిరి డ్యాం ఆయకట్టు రైతుకు అన్ని రోజుల నీళ్లు మిగలడం చిన్న మాట కాదు.

బీటీ పత్తిలో బ్యాక్టీరియా జన్యువు ఉంటుంది. కమలలో పరాయి జన్యువు లేదు. ఇలాంటి పంటలకు జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి కేంద్రం 2022 మార్చిలో మినహాయింపు ఇచ్చింది. అనుకోని చోట కూడా కోత పడవచ్చు కాబట్టి పరీక్షలు తగ్గించరాదని కొన్ని సంఘాలు వాదిస్తున్నాయి. పైగా క్రిస్పర్ మీద ముఖ్యమైన పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. అయితే 2001 నాటి మన చట్టం ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు.

కమల మన అంగళ్లకు వచ్చిన రోజు దిగుబడి ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. పరీక్షల ఫలితాలేమిటి, విత్తనం దాచుకునే హక్కు అలాగే ఉంటుందా అని కూడా మనం అడగాలి.