శుభలేఖలలోని గొలుసుకట్టు అక్షరములు

పెండ్లి శుభలేఖలపైనను, యోగ్యతాపత్రములపైనను ఆంగ్లాక్షరములు కుడివైపునకు వాలి, ఒకదాని చేయి నొకటి పట్టుకొని నడచునట్లు అచ్చుపడుట షోలాపురమున మనవారందఱు ఎఱిగినదే. అట్టివానిలో ప్రసిద్ధమైన యొకదానికి ‘స్నెల్ రౌండ్‌హ్యాండ్’ అని పేరు. చిరకాలము గుమాస్తాగిరి చేసినవారము గనుక, ఇది ఎవరి చేతివ్రాతయో తెలిసికొనవలెనని మాకు కుతూహలము కలిగినది.

చార్లెస్ స్నెల్ (1667–1733) లండను నగరమున వ్రాత నేర్పు ఉపాధ్యాయుడు. ఆ కాలమున వర్తకము పెరిగి, లెక్కలును జాబులును వేగముగాను స్పష్టముగాను వ్రాయగల గుమాస్తాలు కావలసివచ్చిరి. కలము తఱచుగా ఎత్తక వ్రాయదగిన ఈ గుండ్రని వ్రాత వారికి మిక్కిలి ఉపకరించెను. ఈక కలమును క్రిందికి లాగునపుడు ఒత్తినచో గీత లావగును. పైకి పోవునపుడు తేల్చినచో సన్ననగును. ఆ సొగసంతయు ఇంతే. ఉపాధ్యాయులు తమ మచ్చువ్రాతలను రాగిరేకులపై చెక్కించి పుస్తకములుగా అచ్చువేయించిరి; ‘కాపర్‌ప్లేట్’ అను పేరు అందుండియే పుట్టినది. కొందఱు ఆ పుటలను పక్షులతోను మెలికలతోను నింపిరి. స్నెలునకు అది గిట్టలేదు. 1714లో అక్షరముల కొలతలకు నియమములు విధించుచు ఒక గ్రంథమునే ప్రకటించెను. అంతటి కచ్చితపు మనిషి వ్రాత నేడు అలంకారమునకై వాడబడుట చూచిన ఏమనెడివాడో!

సీసపు అచ్చునకు ఈ వ్రాత సులభముగా లొంగలేదు. సీసపుటక్షరము నలుపలకల దిమ్మెపై నిలుచును. వాలిన అక్షరపు కొస దిమ్మె దాటి వ్రేలాడినచో విరుగును. దాటకున్నచో అక్షరముల నడుమ సందు కనబడును. ఛాయాచిత్ర విధానమున అక్షరములు కూర్చు యంత్రములు వచ్చిన పిదప ఆ దిమ్మెయే లేకపోయెను. 1965లో మాథ్యూ కార్టర్ అను నతడు లైనోటైపు సంస్థకై స్నెల్ వ్రాత ననుసరించి ఈ అక్షరములను రచించెను. గొలుసు తెగలేదు. తరువాత ఆపిల్ కంప్యూటర్లలోను ఇవి చేరినవి.

ఇట్టి అక్షరములవలన మా యింట జరిగిన సంగతి యొకటి చెప్పవలెను. 1985లో మా చెల్లెలి వివాహమునకు మేము పోయిన ముద్రణాలయమున మరాఠీ, ఆంగ్లములే గాని తెలుగు అక్షరములు లేవు. వేఱు దారి లేక ఆంగ్లమున, వాలు అక్షరములతోనే వేయించితిమి, సందులు కనబడుచునేయుండెను. మొదటి శుభలేఖను కరీంనగరము జిల్లాలోని మా మేనత్తకు స్వయముగా ఇచ్చితిమి. ఆమె తెలుగు చక్కగా చదువగలదు. కార్డును అటునిటు త్రిప్పి, “తీగెలు మంచిగున్నయి బిడ్డా, లగ్గమెప్పుడు?” అని అడిగినది.

మేము అక్కడనే కూర్చుండి, ఒత్తినచోట లావుగాను వదలినచోట సన్నముగాను, మాకు వచ్చిన వ్రాతలో ముహూర్తము తెలుగున ఒక చీటీపై వ్రాసి యిచ్చితిమి. ఆమె కార్డును పిల్లల కిచ్చివేసి, చీటీని దేవుని పటము వెనుక ఉంచినది. షోలాపురము తిరిగివచ్చి, మిగిలిన శుభలేఖలన్నిటికిని రెండు రాత్రులు అట్టి చీటీలే వ్రాసితిమి.