బ్రౌజర్ పేరు చూసి పేజీ పంపితే

బ్రౌజర్ ఏ పేజీ అడిగినా దానితోపాటు తన పేరు, వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలు ఒక వరుసలో పెట్టి సర్వర్‌కు పంపుతుంది. దీన్ని యూజర్ ఏజెంట్ అంటారు. సర్వర్ ఆ వరుస చదివి బ్రౌజర్‌ను బట్టి పేజీ పంపాలా, అందరికీ ఒకే పేజీ పంపి మిగతాది బ్రౌజర్‌కు వదిలెయ్యాలా అన్నది వెబ్‌తోపాటు పుట్టిన తగువు. తెలుగు పాఠకుల విషయంలో ఇది అక్షరం కనబడుతుందా లేదా అన్నదాకా వెళ్లింది.

అచ్చు పత్రికకు ఈ బాధ లేదు. 1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రిక ప్రతిని గుడివాడలో విప్పినా, అవనిగడ్డలో విప్పినా ఉండేవి మచిలీపట్నంలో కూర్చిన అక్షరాలే. వెబ్‌లో మాత్రం రాత సర్వర్ నుంచి వస్తుంది, అక్షరానికి రూపమిచ్చే ఫాంటు పాఠకుడి కంప్యూటర్‌లో ఉండాలి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మామూలు కంప్యూటర్లు దాన్ని చదవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఈలోగా వెబ్‌లోకి వచ్చిన తెలుగు పత్రికలు ఇంగ్లీషు, ఐరోపా అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు గుణింతాలను ముక్కలు ముక్కలుగా సర్ది, ఎవరి ఫాంటు వారు తయారు చేసుకున్నారు. ఈనాడుది ఒక అమరిక, వార్తది మరొకటి. ఫాంటు లేని కంప్యూటర్‌లో వార్త బదులు టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఐరోపా అక్షరాలు బారులు తీరేవి.

పేజీతోపాటే ఫాంటును పంపే ఏర్పాటు 1997లో వచ్చింది. అదీ రెండు రకాలుగా! ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 మైక్రోసాఫ్ట్ వారి ఈవోటీ ఫైలును తీసుకునేది. నెట్‌స్కేప్ 4కు బిట్‌స్ట్రీమ్ కంపెనీ తయారుచేసిన పీఎఫ్‌ఆర్ ఫైలు కావాలి. ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు. వచ్చినది ఏ బ్రౌజరో తెలుసుకోవాలన్న కోరిక ఇలాంటి చోట పుట్టడం సహజం, అప్పట్లో తప్పు కూడా కాదు.

అయితే ఆ పేరు అప్పటికే నమ్మదగ్గది కాకుండా పోయింది. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ తనను మొజిల్లా అని చెప్పుకునేది. ఫ్రేములున్న మంచి పేజీలను చాలా సర్వర్లు మొజిల్లాకే పంపేవి. ఆ పేజీలు తనకూ రావాలని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తానూ మొజిల్లానే అని రాసుకుని, అసలు పేరు బ్రాకెట్లలో పెట్టింది. తర్వాత సఫారీ, 2008లో క్రోమ్ అదే దారి పట్టాయి. ఈనాటికీ క్రోమ్ పంపే వరుస మొజిల్లాతో మొదలై సఫారీతో ముగుస్తుంది. సర్వర్లు పేరు చూసి వివక్ష చూపినంత కాలం బ్రౌజర్లు మారుపేర్లు పెట్టుకుంటూనే వచ్చాయి.

పేరు నిజమే అయినా తెలుగు పాఠకుడికి కావలసిన సంగతి అందులో ఉండేది కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు యూనికోడ్‌కు గౌతమి అనే ఫాంటు ఉంది. కానీ తెలుగులాంటి సంక్లిష్ట లిపుల ఏర్పాటు దానంతటది పనిచెయ్యదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ అనే ట్యాబ్‌లో ఒక గడికి టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ లోపల పెట్టాలి. ఇంటర్నెట్ షాపులో పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకదానికి ఆ పని చేసి, రెండోదానికి చెయ్యకపోతే మొదటిది ఒత్తులతో సహా తెలుగు చూపిస్తుంది, రెండోది చూపించదు. రెండూ సర్వర్‌కు పంపే బ్రౌజర్ పేరు మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే. సర్వర్ ఎంత తెలివిగా చదివినా ఆ టిక్కు సంగతి దానికి తెలిసే దారి లేదు.

చిక్కు విప్పింది పాఠకుడి వైపు నుంచే. 2004 చివర ఫైర్‌ఫాక్స్ వచ్చేనాటికి దానికి ఈవోటీ ఫాంట్లు తెలియవు. తెలుగు వికీపీడియాకు 2003లో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున, పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు తయారుచేసి పత్రికల సొంత అమరికలను బ్రౌజర్‌లోనే యూనికోడ్‌లోకి మార్చే వీలు కల్పించారు. 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 వెబ్ ఫాంట్లను స్వయంగా తీసుకోవడం మొదలుపెట్టింది. 2012లో తిరుపతిలో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల రోజుల్లో ఉచిత యూనికోడ్ ఫాంట్లు వచ్చాయి. సిలికానాంధ్ర సంస్థ చేయి వేసిన ఈ వరసలో గుడివాడ నుంచి శాసనసభకు వెళ్లిన, నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ పేరు ఒక ఫాంటుకు, కృష్ణా జిల్లా దివిసీమలో అందరూ ఎరిగిన మండలి ఇంటిపేరు మరో ఫాంటుకు పెట్టారు. వీటిని పేజీలో ఒకసారి చెబితే చాలు, ఆధునిక బ్రౌజర్ ఏదైనా తెచ్చుకుంటుంది.

చిన్న ఫోన్ల కాలంలో ఒపేరా మినీ బ్రౌజర్ ఇంకో విచిత్రం చేసింది. అడ్రసు గడిలో ఒపేరా:కాన్ఫిగ్ అని కొట్టి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు అన్న చోట ‘ఎస్’ పెడితే, ఆ కంపెనీ సర్వర్లే తెలుగును బొమ్మలుగా మార్చి పంపేవి. తెలుగు ఫాంటు లేని ఫోన్‌లోనూ తెలుగు కనబడేది. ఇక్కడ సర్వర్ చేసిన సాయం నిజమైనదే. అయితే అది పేరు చూసి ఊహించినది కాదు, పాఠకుడు కోరి తీసుకున్నది.

వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కులు మాత్రం ఊహనే నమ్ముకున్నాయి. 2002లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్‌నెట్‌కు బ్రౌజర్ల పట్టిక ఉండేది. తెలియని బ్రౌజర్‌ను అది పాతదానికింద జమకట్టేది. దాంతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10 వచ్చినప్పుడు రెండంకెల వెర్షన్‌ను పట్టిక పోల్చుకోలేక, కొన్ని సైట్లలో బటన్లు పనిచెయ్యలేదు. కొత్తగా వచ్చినందుకు ముసలిదన్న ముద్ర!

2024 ఆగస్టులో విడుదలైన రూబీ ఆన్ రెయిల్స్ 7.2 అనే ఫ్రేమ్‌వర్క్ ఇంకో మెట్టు ఎక్కింది. దానితో కొత్తగా మొదలుపెట్టే వెబ్ అప్లికేషన్‌లో ‘అలౌ బ్రౌజర్’ అనే వరుస ముందే రాసి ఉంటుంది. క్రోమ్ 120, ఫైర్‌ఫాక్స్ 121, సఫారీ 17.2 కంటే పాతవి వస్తే 406 అనే సంకేతంతో వెనక్కి పంపేస్తుంది. కొత్త సౌకర్యాలు వాడుకోవాలంటే పాతవాటి భారం మోయలేమని దాన్ని తెచ్చినవారి వాదన. చిన్న బృందాలకు ఆ మాటలో కొంత న్యాయముంది. కానీ ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు దొరికే చివరి క్రోమ్ 119. విండోస్ 7కు చివరిది 109. అంటే నాగాయలంకలోనో కోడూరులోనో ఆండ్రాయిడ్ 7 ఫోన్‌లో క్రోమ్ వాడే మనిషికి, గుడివాడలో విండోస్ 7 మీద నడిచే జిరాక్సు షాపుకు అప్‌డేట్ చేసుకోమన్న సలహా అక్కరకు రాదు. అసలు పేరే చెప్పని బ్రౌజర్‌ను మాత్రం ఇదే నిబంధన లోపలికి రానిస్తుంది. నిజం చెప్పిన పాతది బయట, నోరు మెదపనిది లోపల.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో తుపాను హెచ్చరిక, పునరావాస కేంద్రాల జాబితా ఉన్న పేజీ పాత ఫోన్‌లో కొంచెం వంకరగా కనబడినా పనికొస్తుంది. 406 పనికిరాదు. ఒక బ్రౌజర్‌లోని ఒక లోపాన్ని సర్దుకోవడానికి సర్వర్ పేరు చూడటం వేరు, పేరు చూసి తలుపు వెయ్యడం వేరు. మొదటిదానికి ఫ్రేమ్‌వర్క్ పనిముట్టు ఇస్తే చాలు. రెండోది ఎవరూ అడగకుండానే అమల్లో ఉండకూడదు. కృష్ణా జిల్లా జనం కోసం రెయిల్స్‌లో సైటు కట్టేవారు అప్లికేషన్ కంట్రోలర్ ఫైలు తెరిచి, ‘అలౌ బ్రౌజర్’ అన్న ఆ ఒక్క వరుసను తీసెయ్యాలి.