కోటికి కామా ఎక్కడ?

10000000. కోటా, పది లక్షలా? సున్నాలు వేలుపెట్టి లెక్కిస్తే గానీ తేలదు. కంప్యూటర్‌కు ఈ ఇబ్బంది లేదు, అవస్థంతా కోడ్ చదివేవాళ్లదే.

1960లో వచ్చిన కోబాల్ వ్యాపార లెక్కల కోసమే పుట్టిన భాష. అందులో 'పిక్చర్' అని ఒక ఏర్పాటుంది. సంఖ్య అచ్చులో ఎలా కనబడాలో ముందే గీసి చూపడం అన్నమాట. జెడ్ రాసిన చోట ముందుండే సున్నా మాయమై ఖాళీ మిగులుతుంది, 9 రాసిన చోట అంకె తప్పక పడుతుంది. కామా మాత్రం ప్రోగ్రామర్ ఇష్టం. మూడేసి అంకెలకే పెట్టాలన్న పట్టింపు లేదు కాబట్టి, లక్షలు, కోట్ల వరసలో పెట్టుకున్నా కోబాల్ కాదనదు.

అచ్చు సంగతి సరే, కోడ్ లోపల? అక్కడ కామాకు వేరే పని ఉంది. ఫంక్షన్‌కు 1,000 అని ఇస్తే చాలా భాషల్లో అది వెయ్యి కాదు, ఒకటీ సున్నా అనే రెండు విలువలు. 1983లో ప్రమాణమైన ఏడా భాష అండర్‌స్కోర్‌ను ఎంచుకుంది. అంకెల మధ్య గీత పెట్టినా విలువ మారదు. ఇంత చిన్న సౌకర్యం జావాకు 2011లో, పైథాన్‌కు 2016లో, గో భాషకు 2019లో గానీ అందలేదు. సి ప్లస్ ప్లస్‌లో అప్పటికే అండర్‌స్కోర్‌ను వేరే పనికి వాడేసుకున్నారు. అందుకే 2014లో దాని బదులు అపాస్ట్రఫీ తెచ్చారు.

పైథాన్‌లో 1_00_00_000 అని రాస్తే నిక్షేపంగా కోటి. అదే సంఖ్యను కామాలతో చూపించమంటే మాత్రం 10,000,000 అంటుంది! 2009లో చేర్చిన ఆ సదుపాయానికి మూడేసి అంకెల గుంపే తెలుసు. జావాలోని డెసిమల్‌ఫార్మాట్ మరీ విడ్డూరం: నమూనాలో కామాలు ఎన్ని పెట్టినా చివరిదొక్కటే లెక్కలోకి తీసుకుని, మిగతా గుంపులన్నీ అదే కొలతలో కోస్తుంది.

తెలియక జరిగిందనుకోవడానికీ లేదు. 1989 నాటి సి ప్రమాణంలోనే ప్రాంతాన్నిబట్టి గుంపుల కొలతలు చెప్పే వీలుంది: మొదట మూడు, ఆపైన రెండేసి. యూనికోడ్ వాళ్ల ప్రాంతీయ సమాచార భాండాగారంలోనూ మన వరస నమోదై ఉంది. జావాస్క్రిప్ట్ దాన్నే వాడుకుంటుంది కాబట్టి, భాష తెలుగు, దేశం భారత్ అని చెప్పి చూపించమంటే 1,00,00,000 వస్తుంది. ఏమీ చెప్పకపోతే ఆ కంప్యూటర్‌లో ఏ దేశపు అమరిక ఉంటే ఆ లెక్కే.