మన్రో దొర జాబులు



మన సీమలో వేంకటప్ప, నరసప్ప, హనుమప్ప యను పేళ్లు గలవు. వానికి మూలమైన దేవుళ్లెవరో చిన్నపిల్లవాడైనను చెప్పగలడు. కాని యొకప్పుడు మనవారు మగబిడ్డలకు మన్రోలప్ప యనియు పేరిడుచుండిరి. ఈ పేరు తిరుమలనుండి గాని యహోబలమునుండి గాని వచ్చినది కాదు. స్కాట్లండు దేశమున గ్లాస్గో పట్టణమున 1761వ సంవత్సరమున పుట్టిన థామస్ మన్రో యను దొర పేరది. కిస్తు వసూలు చేయవచ్చిన యొక పరాయి దేశపు కలెక్టరు పేరును తల్లిదండ్రులు తొట్టెలోని బిడ్డ కేల పెట్టిరి? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వెంటాడినది.

నేను సంస్కృతాంధ్రములు గురుముఖమున చదివినవాడను. ఇంగ్లీషు పెద్దవయసున నిఘంటువును ప్రక్కన బెట్టుకొని నేర్చుకొన్నది. ఉపాధ్యాయవృత్తి విరమించిన పిదప ఒక మిత్రుని యింట మన్రో జాబుల సంపుటములు నాకు దొరకినవి. గ్లీగ్ అను నాతడు మన్రో చరిత్రమును జాబులతో గూర్చి 1830లో మూడు సంపుటములుగా ప్రకటించెను. ఆర్బత్నాట్ అను మరియొకడు 1881లో సర్కారు వ్రాతలను ఏర్చి కూర్చెను. నాకు వేగముగా చదువుట రాదు. ఒక్కొక్క జాబును రెండుమూడు మారులు చదివితిని. తొందర లేనివాని కిట్టి చదువే మేలు.

ఈ జాబులు రెండు తెగలు. తల్లిదండ్రులకును, ఎర్‌స్కిన్ అను చెల్లెలికిని, తరువాత భార్యకును వ్రాసినవి యొక తెగ. రెవిన్యూ బోర్డునకును, గవర్నరునకును వ్రాసినవి రెండవ తెగ. మొదటివానిలో హాస్యమున్నది, ఇంటిమీది బెంగయున్నది. రెండవవానిలో లెక్కలున్నవి. రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చదివినగాని మనిషి తెలియడు.

ఆతని తండ్రి అలెగ్జాండరు మన్రో గ్లాస్గోలో వర్తకుడు. అమెరికాలోని వర్జీనియా సీమతో ఆయనకు వ్యాపారము. 1776లో అమెరికావారు ఇంగ్లండు ఏలుబడిని త్రోసివేసి స్వతంత్రులమని చాటిరి. యుద్ధము వచ్చెను. ఆవలి దేశమున రావలసిన బాకీలు నిలిచిపోయి వర్తకుని యిల్లు కూలినది. కుమారుడు కంపెనీ పటాలమున చేరి 1780 జనవరిలో మదరాసు రేవున దిగెను. ఎక్కడి వర్జీనియా, ఎక్కడి పత్తికొండ! అక్కడ వర్తకము చెడకున్నచో ఇక్కడ మన పొలములకు గొలుసు పట్టించిన చేయి మరియొకనిది యయ్యెడిది.

తొలియేండ్ల జాబులలో ఆతడు చెల్లెలికి తన బీదతనమును నవ్వుచు చెప్పుకొనును. ఇండియాలో దొరలందరు పల్లకీలలో తిరుగుచు ధనరాసులపై పండుకొందురని మీరనుకొందురేమో, నేను మాత్రము ఆకలిదప్పుల నిక్కడికి వచ్చిన తరువాతనే యెరిగితినని తాత్పర్యము. అట్టి జీతములోనే తల్లిదండ్రులకు సొమ్ము పంపుచుండెను. మన పిల్లలు పట్టణమునుండి ఇంటికి పంపు మనియార్డరులవంటిదే యనుకొనుడు. నాకు ఆతనిపై మొదటి గౌరవమిక్కడ కలిగినది.

ఇక మన సీమ సంగతి. మైసూరుతో జరిగిన 1792, 1799 సంవత్సరముల యుద్ధములలో నైజాము ప్రభువునకు లభించిన భాగములను, ఆయన తన రక్షణకై యుంచిన కంపెనీ సేన వ్యయము క్రింద 1800 అక్టోబరు 12వ తేదీ సంధిచే కంపెనీకి వదలివేసెను. సంతలో తువాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని యెద్దును బేరమాడుదురు గదా. అమ్మినవాడు, కొన్నవాడు, మధ్యవర్తి మువ్వురును మాటలాడుకొందురు. ఎద్దు నెవ్వరు నడుగరు. ఆ సంధియు నట్టిదే. ఆ విధముగా చేతులు మారిన సీమకు దత్తమండలములని పేరు వచ్చినది. రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా నిలిచినది. కర్నూలు పట్టణము మాత్రము నాడు నవాబు క్రిందనే యుండి 1839లో కంపెనీ వశమైనది. పత్తికొండ తాలూకా 1858లో కర్నూలు జిల్లా యేర్పడువరకు బళ్లారి జిల్లాలోనిది.

ఈ దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా మన్రో 1800 చివర వచ్చెను. ఈ యుద్యోగమును ఆతడు కోరి తెచ్చుకొనెను. అప్పుడు సీమలో ఎనుబదిమంది వరకు పాలెగాండ్రుండిరి. ఒక్కొక్కరికి కోట, బంట్లు, వసూలు. రైతు ఒకే పంటపై ఇద్దరు ముగ్గురికి చెల్లించుకొనవలసివచ్చెడిది. 1801లో తెర్నేకల్లు గ్రామస్థులు తిరుగబడగా తాసీలుదారు చంపబడెను. కంపెనీ సేన ఫిరంగులతో ఆ కోటపై బడినది. మన్రో పాలెగాండ్రను అణచుటలో చూపిన కాఠిన్యమును లండనులోని డైరెక్టరులే తప్పుపట్టి వ్రాసిరి. ఆతడు తన పని సరియేనని సమాధానము వ్రాసెను. రైతు రక్షణకు వేరుమార్గము లేదని యాతని వాదము.

ఈ విషయమున నా మనస్సు పూర్తిగా ఆతనివైపు మొగ్గలేదు. పాలెగాండ్ర దోపిడి నిజమే. కాని భూమి, అధికారము తీసికొని చేతిలో చిన్న తవర్జీ పెట్టి కూర్చుండబెట్టిన కుటుంబములలో ఆ యవమానము చల్లారలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు ఆ నిప్పునుండి రగిలినదే. 1847లో కోయిలకుంట్లలో ఆయన నురిదీసిరి. సర్కారు జాబులో పాలెగాడు లెక్కలో ఒక పద్దు. ఆ పద్దునకు మనుమలుందురని జాబులో వ్రాయబడదు.

మన్రో ఏడేండ్లలో ఎక్కువకాలము గుడారములలోనే గడపెను. ఊరూరను దిగి, కరణమును రెడ్డిని రైతులను పిలిపించి, నేరుగా వారి భాషలలో మాటలాడెను. 1803లో అస్సాయి యుద్ధము గెలిచిన వెల్లెస్లీ సేనాపతి, తాను ఏల ఆ విధముగా పోరాడవలసివచ్చినదో వివరించుచు ఈ గుడారముల కలెక్టరునకు జాబు వ్రాసెను. ఆ సేనాపతియే తరువాత 1815లో వాటర్లూ వద్ద నెపోలియనును ఓడించినవాడు. అంతటివాడు ఒక జిల్లా కలెక్టరునకు సంజాయిషీ చెప్పుకొనుట చూడగా మిత్రుల నడుమ మన్రో మాటకెంత బరువుండెనో తెలియుచున్నది.

భూముల కొలత 1802లో మొదలైనది. తొలుత నలుగురు గుమాస్తాలు; క్రమముగా వారి సంఖ్య నూరు వరకు పెరిగినది. గొలుసు ముప్పది మూడడుగులది. దాని చదరము గుంట. నలుబది గుంటలు ఎకరము. నేటికిని మనము పొలముగట్టున నిలిచి గుంటలలో మాటలాడునప్పుడు ఆ గొలుసునే సాగదీయుచున్నాము.

ఏడేండ్లలో దత్తమండలముల రాబడి సుమారు 10 లక్షల వరహాలనుండి 15 లక్షల వరహాలకు పెరిగెను. పెంచినవాడు మన్రోయే. బోర్డువారు సంతోషించిరి. ఆతడు అంతటితో ఊరకున్నచో నేనీ ప్రసంగము చేసియుండను.

1807 ఆగస్టు 15వ తేదీన ఆతడు బోర్డునకు ఒక జాబు వ్రాసెను. సెలవుపై స్వదేశమునకు పోవుటకు ముందు వ్రాసినదది. దాని లెక్కను నేను నల్లబల్లమీద వ్రాసినట్లు చెప్పెదను. ఒక పొలములో నూరు తూములు పండినవనుకొనుడు. సర్కారు శిస్తు నలుబది యైదు తూముల విలువ. మిగిలిన యేబది యైదింట రైతు విత్తనము, ఎద్దులమేత, కూలి, కుటుంబము, కరువుకు నిలువ అన్నియు చూచుకొనవలెను. ఇట్లున్నచో భూమికి అమ్ముడుధర యుండదు. ఎవడును దానిని తనదని బాగుచేయడు. కావున శిస్తులో నాల్గవవంతు తగ్గింపుడని ఆతడు వ్రాసెను. అప్పుడు నలుబది యైదు సుమారు ముప్పది నాలుగగును. అనగా పంటలో మూడవవంతు. రైతు తన ఖర్చుతో బాగుచేసికొను బావిక్రింది భూములకు మరి ఎనిమిదివంతులు, మొత్తము నూటికి ముప్పది మూడు తగ్గింపవలెననెను. కపిల తోలినవారికి దీని యర్థము వేరుగా చెప్పనక్కరలేదు. రైతు ఏటేట తనకు సాగని భూమిని వదలుకొనుటకును, సాగునది పట్టుకొనుటకును స్వేచ్ఛ యుండవలెననియు కోరెను.

తాను పెంచిన శిస్తును తానే తగ్గింపుడని వ్రాయుట సులభము కాదు. వెనుకటి జమాబందులన్నింటిపై తన సంతకమే యున్నది. ఆ జాబులో పశ్చాత్తాపపు మాటలు లేవు, లెక్క మాత్రమున్నది. ఆ లెక్క నిజమైనదగుటచేత ఆతనికే ఎదురు తిరిగినది. నేనీ జాబును చదివిన రాత్రి చాలసేపు దీపము తీయలేదు.

బోర్డువా రంగీకరింపలేదు. రాబడి తగ్గించుకొనుట కెవరికి మనసొప్పును? మన్రో ఓడయెక్కెను. ఆతని వెనుక గ్రామములను గుత్తకిచ్చు పద్ధతి తెచ్చిరి. మొదట మూడేండ్ల గుత్త, పిదప పదేండ్ల గుత్త. పండిన నేమి, ఎండిన నేమి, గుత్తదారు సర్కారునకు కట్టితీరవలెను. కట్టలేక చెడినవారెందరో, చెరసాల పాలైనవారెందరో. రైతులు పంపుకొన్న యర్జీలను గ్లీగువంటి వాడెవడును సంపుటములుగా కూర్చలేదు. దొరల జాబులు తోలుబైండులో నిలిచినవి. మన తాతల యర్జీలు కచ్చేరీ కట్టలలో చెదలు తిన్నవి.

1820 జూన్‌లో మన్రో మదరాసు గవర్నరుగా వచ్చెను. పదుమూడేండ్ల క్రిందటి జాబును మరువలేదు. రైతువారీ పద్ధతి మరల వచ్చెను. దత్తమండలములలో నాల్గవవంతు తగ్గింపును అమలైనది. తొట్టెలోని బిడ్డలకు మన్రోలప్ప యని యేల పేరిడిరో ఇప్పుడు నాకు కొంత బోధపడినది. తగ్గిన శిస్తుగూడ తేలికది కాదనియు చెప్పవలెను. కరువు సీమలో మూడవవంతును బరువే.

మంత్రాలయమున రాఘవేంద్రస్వామి బృందావనమునుండి ఆతనితో మాటలాడెననియు, గండిక్షేత్రమున బంగారుతోరణము ఆతని కంటబడెననియు మనవారు చెప్పుకొందురు. అవి భక్తుల సొత్తు. వానిని కలెక్టరు కచ్చేరీ తరాజులో తూచుట నాకిష్టము లేదు. నేడు జాబులకే కట్టుబడియుందును.

ఉపాధ్యాయుడను గనుక ఒక జాబును విడువలేను. 1822లో గవర్నరు మన్రో ప్రతి జిల్లాలో బడు లెన్ని, చదువువా రెందరని కలెక్టరులను లెక్క లడిగెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన జవాబులో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఆ బడులలో కన్నడమువి 235, తెలుగువి 226. ఇంగ్లీషు బడి ఒక్కటే. వీథియరుగుమీద ఇసుకలో అక్షరములు దిద్దించిన పంతుళ్ల బడులివి. బీదతనముచేత ఇవి క్షీణించుచున్నవనియు క్యాంబెల్ దాచక వ్రాసెను. మొత్తము రాజధానిలో 12,498 బడులని మన్రో 1826లో తేల్చెను. ఈ దేశస్థులను పెద్ద యుద్యోగములనుండి దూరముంచుట వారిని కించపరచుటయే యని 1824 డిసెంబరున ఒక దీర్ఘమైన మినిట్ వ్రాసినవాడును ఆతడే. నాటి యధికారులలో అట్లు వ్రాసినవారు తక్కువ.

చివరి జాబులు భార్యకు వ్రాసినవి. ఆమె పేరు జేన్, 1814లో వివాహము. చిన్నకుమారుని యారోగ్యము చెడగా 1826లో బిడ్డను దీసికొని ఆమె ఇంగ్లండునకు పోయెను. ఆమె లేని గిండీ యిల్లు, తోట, బిడ్డ తిరిగిన చోట్లు ఎట్లు బోసిపోయినవో ఆతడు వ్రాసెను. వరహాల లెక్క వ్రాసిన కలమే ఇదియును వ్రాసినది. తానును వెంటనే పోవలెనని కోరిక. క్రొత్త గవర్నరు రాక యాలస్యమగుచుండెను. ఈలోగా తన పాత దత్తమండలములను కడసారి చూచి వత్తునని 1827 మే నెల చివర మదరాసునుండి బయలుదేరెను.

త్రోవలో వాంతిభేది వ్యాపించియుండెను. జూలై 4వ తేదీన గుత్తి చేరిరి. 6వ తేదీన పత్తికొండ మజిలీ. ఆ యుదయమే జాడ్యము సోకెను. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతమున ప్రాణము పోయెను. గుత్తిలో పాతిరి, 1831లో అస్థులను మదరాసు కోటలోని సెయింట్ మేరీ గుడికి తరలించిరి. పత్తికొండలో ఆతని పేర చెట్లు నాటించి, రాతిమెట్ల బావి కట్టించిరి.

నాటి తపాలా ఓడలు మదరాసునుండి ఇంగ్లండు చేరుటకు కొన్నిమాసములు పట్టెడిది. కావున పత్తికొండ వార్త చేరువరకు, జేన్ మన్రోకు భర్త జాబులు ఒక్కొక్కటిగా అందుచునే యుండియుండవలెను.