ఒకే మనిషి, నాలుగు స్పెల్లింగులు: ఆఫీసు కంప్యూటర్లు మన వివరాలను ఎలా పంచుకుంటాయి?

ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు, పాస్‌పోర్టులో మూడోది. మన ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. "షేక్" అనే మాటనే ఒక ఆఫీసు ఇంగ్లీషులో ఐదు అక్షరాలతో రాస్తుంది, మరో ఆఫీసు ఆరు అక్షరాలతో రాస్తుంది. మనుషులు చూసినంత కాలం ఇది పెద్ద సమస్య కాలేదు. గుమాస్తా ముఖం చూసి, తండ్రి పేరు అడిగి, "సరే, మీరే కదా" అని సంతకం పెట్టించుకునేవాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. ఒక ఆఫీసు కంప్యూటర్ ఇంకో ఆఫీసు కంప్యూటర్‌ను అడిగి, పేరు కలిస్తే అవునంటుంది, కలవకపోతే కాదంటుంది. ఆ "కాదు" వల్ల స్కాలర్‌షిప్ ఆగొచ్చు, పెన్షన్ ఆగొచ్చు, గల్ఫ్ ప్రయాణం ఆగొచ్చు.

అందుకే సంస్థలు సమాచారాన్ని ఎలా దాచుకుంటాయి, ఎలా పంచుకుంటాయి, ఎక్కడ తప్పుతాయి అన్నది ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సిన విషయమే. మదర్సా, స్కూలు, మస్జిద్ కమిటీ నడిపే వారికి ఇది ఇంకా అవసరం.

దస్త్రం నుంచి డేటాబేస్ దాకా

పాత రోజుల్లో ప్రతి ఆఫీసుకూ దాని దస్త్రం దానిదే. రెవెన్యూ వారి రిజిస్టరు రేషన్ వారికి కనపడదు. ఒక సర్టిఫికెట్ కావాలంటే మనమే కాగితాలు మోసుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగేవాళ్లం. నిజానికి ఆఫీసుల మధ్య సమాచారం మోసింది మన కాళ్లే.

కంప్యూటర్లు వచ్చిన మొదట్లో పెద్దగా మారిందేమీ లేదు. రిజిస్టరు స్థానంలో ఒక కంప్యూటర్ కూర్చుంది, అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో హైదరాబాద్‌లో మొదలైన ఈ-సేవ కేంద్రాలు కరెంటు, నీళ్ల బిల్లుల వంటివన్నీ ఒకే కౌంటర్‌లో కట్టే వీలు కల్పించాయి. 2011లో వచ్చిన మీసేవ ఇంకో అడుగు ముందుకేసి, డిజిటల్ సంతకం ఉన్న సర్టిఫికెట్లను కౌంటర్ దగ్గరే ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే కౌంటర్‌లో కూర్చున్న వ్యక్తికి అసలు రికార్డు అందుబాటులోకి వచ్చింది.

2015లో వచ్చిన డిజిలాకర్ పద్ధతి వేరు. అందులో "జారీ అయిన పత్రాలు" అన్న విభాగంలో కనిపించేవి మనం స్కాన్ చేసి పెట్టుకున్న ఫొటోలు కావు, ఆ పత్రం ఇచ్చిన సంస్థ రికార్డు నుంచి నేరుగా వచ్చేవి. వాటికి చట్టప్రకారం అసలు పత్రంతో సమాన విలువ ఉంది. మనమే అప్‌లోడ్ చేసుకున్న ఫొటోకు ఆ విలువ ఉండదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

మంచి పద్ధతి అంటే ఇదే. ఒక సమాచారానికి ఒకే యజమాని ఉండాలి. పుట్టిన తేదీ జనన రిజిస్టరుది, మార్కులు బోర్డువి. మిగతావాళ్లు దాన్ని అడిగి చూసుకోవాలి గానీ, ఎవరికి వారు మళ్లీ టైపు చేసుకోకూడదు. టైపు చేసిన ప్రతిసారీ ఒక కొత్త తప్పుకు తలుపు తీసినట్టే.

పేరు ఎక్కడ తప్పుతుంది?

మన పేర్లు చాలావరకు మూడు లిపుల గుండా వెళ్తాయి. నికాహ్‌నామాలో ఉర్దూ, బడి రిజిస్టరులో తెలుగు, ఆధార్‌లో ఇంగ్లీషు. లిపి మారినచోటల్లా కొంత జారిపోతుంది.

ఉర్దూలో "జ"కు దగ్గరగా వినిపించే అక్షరాలు నాలుగున్నాయి: జాల్, జే, జ్వాద్, జోయ్. ఇవన్నీ ఇంగ్లీషు జెడ్ శబ్దానివే. జీమ్ వేరే. తెలుగులోకి వచ్చేసరికి అన్నిటికీ ఒకే "జ". అలా "జాకిర్" అని తెలుగులో రాసిన పేరును చూసి ఇంకో ఆఫీసులో ఇంగ్లీషులోకి మార్చేవారు జెడ్ బదులు జె కొడతారు. అక్కడితో ఇద్దరు మనుషులు తయారయ్యారు.

దక్కన్‌లో ఇంకో చిక్కుంది. మన ఉచ్చారణలో ఖాఫ్ కూడా "ఖ" లాగే పలుకుతుంది. కాబట్టి ఉత్తరాదిలో క్యూ అక్షరంతో "కాదిర్" అని రాసే పేరే ఇక్కడ కె-హెచ్‌తో "ఖాదర్" అవుతుంది. రెండూ ఒకే పేరని మనకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు.

ఇక మూడోది, పేరులో ఏ ముక్క ఇంటిపేరు అన్నది. తెలుగు నాట ఇంటిపేరు ముందు రాస్తారు, చాలా ఫారాలు మాత్రం దాన్ని చివర అడుగుతాయి. "షేక్ అబ్దుల్ ఖాదర్" లో షేక్‌ను ఇంటిపేరుగా ఒకరు, ఖాదర్‌ను ఒకరు పెడతారు. పాన్ నంబరులో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరమే. కాబట్టి ఒకే మనిషికి, ఫారం నింపిన తీరును బట్టి అక్కడ ఎస్ రావచ్చు, కె రావచ్చు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో 2022 నవంబరులో చాలామందికి అనుభవంలోకి వచ్చింది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని విజిట్ వీసాపై అనుమతించబోమని యూఏఈ చెప్పింది. తర్వాత, తండ్రి పేరు లేదా కుటుంబ పేరు పాస్‌పోర్టు రెండో పేజీలో ఉంటే సరిపోతుందని సడలించింది. తెలంగాణ జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలకు ఒక్క ఖాళీ గడి విలువ అప్పుడు తెలిసింది.

కంప్యూటర్ పేర్లను ఎలా పోలుస్తుంది?

అక్షరం అక్షరం పోల్చడం ఒక పద్ధతి. ఒక్క అక్షరం తేడా వచ్చినా "వేరు" అంటుంది. ఇది మరీ కఠినం కాబట్టి శబ్దాన్ని బట్టి పోల్చే పద్ధతులు పుట్టాయి. వాటిలో పాతది సౌండెక్స్. అమెరికాలో 1918లో దానికి పేటెంట్ వచ్చింది. పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలేసి, మిగతా హల్లులకు అంకెలు వేస్తుంది.

మన పేర్ల మీద వేసి చూద్దాం. షేక్, షైక్, షేఖ్, ఎలా రాసినా కోడ్ ఎస్-200 వస్తుంది. సయ్యద్‌ను మూడు నాలుగు రకాలుగా రాసినా ఎస్-300. బాగుంది. మొహమ్మద్, ముహమ్మద్ రెండూ ఎం-530. కానీ దాన్నే కుదించి ఎం-డి అనో, ఎం-ఓ-హెచ్-డి అనో రాస్తే ఎం-300 వస్తుంది. అంటే పొట్టి రూపం రాసిన క్షణంలోనే యంత్రం దృష్టిలో అది వేరే పేరైపోయింది. ఖాదర్, కాదిర్ కూడా అంతే: ఒకటి కె-360, ఇంకోటి క్యూ-360. మొదటి అక్షరం వేరైతే సౌండెక్స్ చేతులెత్తేస్తుంది. ఇంగ్లీషు పేర్ల కోసం తయారైన కొలబద్ద అది, మన పేర్లకు సగమే సరిపోతుంది.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. పోలిక మరీ వదులుగా ఉంటే ఇద్దరు వేర్వేరు మనుషులను ఒకరే అనుకుంటుంది. ఒకే వీధిలో ఒకే పేరున్నవారు నలుగురు ఉండే మన మొహల్లాల్లో ఇది ఊహ కాదు.

పంచుకోవడం తప్పుగా జరిగితే

తెలంగాణ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అనేక శాఖల డేటాను ఒకచోట కలిపి, ఈ కుటుంబానికి కారుందా, ఆస్తి ఉందా అని చూసే "సమగ్ర వేదిక" అనే వ్యవస్థను రాష్ట్రం తయారు చేసింది. రేషన్ కార్డుల అర్హత తేల్చడానికి దాన్ని వాడారు. కార్డు పోయిన పేదలు చాలామందికి ఎందుకు పోయిందో కూడా తెలియలేదు. ముందు నోటీసు లేదు, ఇంటికి వచ్చి చూసింది లేదు. హైదరాబాద్‌కు చెందిన ఒక సామాజిక కార్యకర్త వేసిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. ఆ పరిశీలనలో అర్హులైన కుటుంబాలు వేల సంఖ్యలో బయటపడ్డాయి.

డేటా కలపడం తప్పని దీని అర్థం కాదు. యంత్రం చెప్పింది అనుమానం మాత్రమే, తీర్పు కాదు. "ఈ రెండు రికార్డులు ఒకరివే కావచ్చు" అన్నప్పుడు ఒక మనిషి వెళ్లి అడగాలి. నిర్ణయానికి ముందు నోటీసు, తర్వాత అప్పీలు ఉండాలి. ఈ మూడూ లేని వ్యవస్థ ఎంత వేగంగా నడిస్తే అంత వేగంగా అన్యాయం చేస్తుంది.

మన సంస్థలు ఏం చేయాలి?

ప్రభుత్వాన్ని అనేముందు మన రిజిస్టర్లు కూడా ఒకసారి తెరిచి చూద్దాం. మదర్సా, స్కూలు, జకాత్ కమిటీ, ఎవరిదైనా సరే. విద్యార్థుల జాబితా ఒక ఉస్తాద్ ఫోన్‌లో, ఫీజుల లెక్క ఒకరి ఎక్సెల్‌లో, పాతవి అట్టపెట్టెలో. ఆయన వెళ్లిపోతే లెక్కా ఆయనతోనే పోతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ కొనకుండానే సరిచేసుకోగలిగినవి ఇవి:

1. ప్రతి వ్యక్తికీ ఒక సొంత నంబరు ఇవ్వండి. పేరును గానీ ఫోన్ నంబరును గానీ గుర్తింపుగా వాడొద్దు. ఫోన్ మారుతుంది, ముగ్గురు అన్నదమ్ములకు ఒకే ఫోన్ ఉంటుంది.

2. పేరుకు మూడు గడులు పెట్టండి: ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు. ఇంగ్లీషు గడిలో జనన ధ్రువపత్రంలో ఎలా ఉందో అలాగే, పొట్టి రూపాలు లేకుండా రాయండి.

3. యూనికోడ్‌లోనే టైపు చేయండి. పాత అను ఫాంట్లలో కొట్టింది తెరమీద తెలుగులా కనిపించినా లోపల వేరే గుర్తులుగా ఉంటుంది. వెతికితే దొరకదు. పాత ఇన్‌పేజ్ ఫైళ్ల ఉర్దూ కూడా బయట ప్రోగ్రాములకు నేరుగా అందదు, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

4. తేదీకి ఒకే పద్ధతి పాటించండి. 05-06 అంటే జూన్ ఐదా, మే ఆరా? నెలను అక్షరాల్లో రాస్తే గొడవే లేదు.

5. అసలు జాబితా ఒక్కటే ఉండాలి. కాపీలు చదవడానికి మాత్రమే. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పక్క గడిలో రాయాలి.

6. మూడు కాపీలు ఉంచండి: రెండు వేర్వేరు పరికరాల్లో, ఒకటి వేరే చోట.

7. అందరికీ అన్నీ చూపించొద్దు. ఎవరికి సాయం అందిందన్న జాబితా వాట్సాప్ గ్రూపులో తిరగడం ఆ కుటుంబం పరువు తీయడమే. ఆధార్ అవసరమైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి.

చట్టం కూడా ఇటే నడుస్తోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. తన వివరాలు ఎవరి దగ్గర ఏమున్నాయో తెలుసుకునే హక్కు, తప్పుంటే సరిచేయించుకునే హక్కు ఈ చట్టం మనిషికి ఇస్తోంది.

ఇంట్లో మనం చేసుకోవాల్సింది

ఒక ఆదివారం కూర్చుని ఇంటిల్లిపాది పత్రాలు పక్కపక్కన పెట్టండి. ఒక కాగితం మీద గీతలు కొట్టి, మనిషికి ఒక వరుస, పత్రానికి ఒక గడి చొప్పున, ఉన్నది ఉన్నట్టు రాయండి. తేడాలు వాటంతటవే కళ్లకు కనిపిస్తాయి.

సరిచేసేటప్పుడు వేరు నుంచి మొదలుపెట్టాలి. ముందు జనన ధ్రువపత్రం, పదో తరగతి మెమో. తర్వాత ఆధార్. ఆ తర్వాతే పాన్, బ్యాంకు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు. చాలామంది తొందరలో ఆధార్‌ను ముందు మార్చేస్తారు. ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మామూలుగా మార్చుకోవచ్చు. ఆ అవకాశాలు అయిపోతే హైదరాబాద్‌లోని ప్రాంతీయ కార్యాలయం దాకా వెళ్లాల్సి వస్తుంది. కాబట్టి చివరికి ఏ స్పెల్లింగు ఉంచుకోవాలో ఇంట్లో తేల్చుకున్నాకే సెంటర్‌కు వెళ్లండి.

కొత్తగా బిడ్డ పుట్టిన ఇళ్లలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆస్పత్రిలో ఫారం నింపేటప్పుడు నర్సు అడిగితే నోటితో చెప్పి ఊరుకోవద్దు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కాగితం మీద రాసివ్వండి. ఇంటిపేరు ఏది, పిల్లవాడి పేరు ఏది అన్నది విడివిడిగా చూపించండి. అప్పుడు పెట్టే ఆ ఐదు నిమిషాలు, ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పిస్తాయి.