బ్రోస్ట్ పొయ్యి ఎట్లా వచ్చింది, ఎట్లా పనిచేస్తుంది

సౌదీలో ఉన్న మనోళ్ళంటే ఊర్లో అందరికీ గుర్తొచ్చేది కట్టడం పని, డ్రైవింగ్, ఎడారిలో గొర్ల కాపలా. హోటళ్ళలో, బూఫియాల్లో, బ్రోస్ట్ దుకాణాల్లో పొయ్యి ముందు నిలబడ్డవాళ్ళు ఆ లెక్కలోకి రారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. మంచిదే. కానీ 170 డిగ్రీల నూనె పక్కన పన్నెండు గంటలు నిలబడేవాడికి అది వర్తించదు, వాడు నీడలో ఉన్నట్టే లెక్క మరి! అందుకని ఈ ఏడు పుస్తకంలో ఆ పొయ్యి కథనే రాయాలనుకున్నాం.

మన ఇళ్ళలో సకినాలైనా గారెలైనా కాల్చేటప్పుడు నూనె కాగిందో లేదో చూడ్డానికి అమ్మ చిటికెడు పిండి వేసి చూస్తది. పిండి వెంటనే పైకి తేలితే సరే, అడుగున కూర్చుంటే ఇంకా మంట కావాలి, నల్లబడితే మంట తగ్గించాలి. పెద్ద హోటల్ ఫ్రయర్లో ఈ పనంతా ఒక రాగి గొట్టం, దాని చివరి గుళిక చేస్తాయి. గుళికలో ఉన్న ద్రవం నూనె వేడికి వ్యాకోచించి థర్మోస్టాట్ మీటను కదుపుతుంది, గ్యాస్ ఆగుతుంది. చల్లబడితే మళ్ళీ వస్తుంది. ఇంతకుమించి మాయ ఏమీ లేదు.

ఇక బ్రోస్ట్ సంగతి. మూత బిగించి ఆవిరి ఒత్తిడిలో కోడిని వేయించడం అమెరికాలో పుట్టిన పద్ధతి. కెంటకీలో హార్లండ్ శాండర్స్ 1939లో మామూలు ప్రెషర్ కుక్కర్‌లో నూనె పోసి కోడి వేయించే పద్ధతి మొదలుపెట్టాడు. ఇంటి కుక్కర్ దానికోసం తయారైంది కాదు, చాలా ప్రమాదం. 1954లో ఎల్.ఎ.ఎం. ఫెలాన్ అనే ఆయన దీనికోసమే ప్రత్యేకంగా ఒక యంత్రం చేసి దానికి 'బ్రోస్టర్' అని పేరు పెట్టాడు. ఇప్పుడు మనం నోటికొచ్చినట్టు అనే 'బ్రోస్ట్' ఆ కంపెనీ పేరు నుంచి వచ్చిందే. 1957లో ఒహాయో రాష్ట్రం ఈటన్‌లో చెస్టర్ వాగ్నర్ హెన్నీ పెన్నీ కంపెనీ పెట్టాడు. ఇక్కడ చాలా వంటగదుల్లో ఆ పేరు రేకు మీద కనిపిస్తుంది.

ఆ పద్ధతి ఈ దేశానికి పేరు తెచ్చింది జెద్దాలో. 1974లో శకూర్ అబూ గజాలా అక్కడ బ్రోస్ట్ దుకాణం తెరిచాడు. రెండేళ్ళకే, 1976లో, ఆయన చనిపోయాడు. కొడుకులు ఇహ్సాన్, రామీ దాన్ని నిలబెట్టారు. అదే తర్వాత అల్ బైక్ అయింది. ఉమ్రాకు పోయి వచ్చిన మనోళ్ళలో ఆ డబ్బా తినకుండా వచ్చినవాళ్ళు తక్కువ. 1973 చమురు ధరల పెరుగుదల తర్వాత ఈ దేశంలో పనులు మొదలై, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనోళ్ళు విమానం ఎక్కిన కాలమూ దాదాపు అదే. కోడి వేగడం, మనం రావడం రెండూ ఒకే డబ్బుతో మొదలయ్యాయని మా అభిప్రాయం.

గ్యాస్ కథ కూడా దాని పక్కనే ఉంది. ఈ దేశంలో నూనె బావుల దగ్గర పైకి వచ్చే గ్యాస్‌ను ఏళ్ళ తరబడి గొట్టం చివర మంట పెట్టి కాల్చేసేవారు. 1975లో దాన్ని పట్టి వాడుకోవాలని మాస్టర్ గ్యాస్ సిస్టమ్ పని మొదలుపెట్టారు. ఆ గ్యాస్‌నుంచి తీసే ఎల్‌పీజీయే మన పొయ్యికి వచ్చేది.

మూత ఉన్న ఫ్రయర్లో ఏం జరుగుతుందంటే, కోడిలోని నీరు ఆవిరై బయటికి పోలేక లోపల ఒత్తిడి పెంచుతుంది. సుమారు 12 పీఎస్‌ఐ దగ్గర నీళ్ళు 100 డిగ్రీలకు కాక 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుకే ముక్క లోపలి దాకా త్వరగా ఉడుకుతుంది, తడి పోదు, నూనె తక్కువ పీలుస్తుంది. అదే ఒత్తిడి మూత తెరిచేవాడి మీదికి కూడా రాగలదు. గేజి ముల్లు సున్నాకు రాకముందు మూత గడియ మీద చేయి వేయకూడదు. మూత చుట్టూ ఉన్న రబ్బరు గ్యాస్కెట్ అరిగితే ఒత్తిడి పక్కనుంచి చిమ్ముతుంది. కొన్ని మోడళ్ళలో దాన్ని తిప్పి వాడుకోవచ్చు. ఆవిరి గొట్టం, దాని డబ్బా పిండితో, జిడ్డుతో మూసుకుపోతే ఒత్తిడి దిగదు. ముల్లు కూడా అబద్ధం చెప్పవచ్చు. పాత మెకానిక్‌లు ముందుగా చూసేది ఆ గొట్టమే.

ఇక గ్యాస్ భాగం. ఇక్కడే ప్రాణాలు ఉన్నాయి కాబట్టి నిదానంగా చెబుతాం.

1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త రెండు వేరే లోహాల తీగలను కలిపి, కలిసిన చోట వేడి చేస్తే కరెంటు పుడుతుందని గమనించాడు. ఆ సంగతి మీదే ఇప్పటికీ చాలా గ్యాస్ ఫ్రయర్లు నడుస్తాయి. పైలట్ మంట అంటే ఎప్పుడూ వెలిగే చిన్న మంట. అది ఒక థర్మోపైల్‌ను కాలుస్తుంది. దాని నుంచి సుమారు ముప్పావు వోల్టు పుడుతుంది, టార్చి సెల్లులో సగం అనుకోండి. ఆ కొంచెం కరెంటే గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకుంటుంది. పైలట్ ఆరిపోతే థర్మోపైల్ చల్లబడుతుంది, కరెంటు పోతుంది, వాల్వు తనంత తానే మూసుకుంటుంది. ఈ రక్షణ లేని పాత పొయ్యిల్లో మంట ఆరినా గ్యాస్ పోతూనే ఉండేది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేల మీద నీళ్ళలాగా పారి మూలల్లో నిలుస్తుంది. అందుకే పైలట్ ఆరితే వెంటనే అగ్గి పెట్టకుండా కనీసం అయిదు నిమిషాలు ఆగాలి, తలుపులు తెరవాలి.

నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపు పైలట్ వెలిగి, వదలగానే ఆరిపోతుంటే థర్మోపైల్ బలహీనమై ఉండాలి, లేదా పైలట్ రంధ్రం జిడ్డుతో మూసుకొని ఉండాలి, లేదా తీగ స్క్రూ వదులై ఉండాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు మంట, మసి అంటే గాలి సరిపోవట్లేదు. గ్యాస్ లీకు చూడ్డానికి సబ్బు నీళ్ళు చాలు, అగ్గిపుల్లతో చూసేవాణ్ణి ఆపండి.

ఈ తీగల దారిలోనే ఇంకొకటి ఉంటుంది, హై లిమిట్. థర్మోస్టాట్ చెడిపోయి నూనె వేడెక్కుతూ పోతే, సాధారణంగా 230 డిగ్రీల చుట్టుపక్కల, ఇది తెగి వాల్వును మూసేస్తుంది. దానికి ఎర్ర బటన్ ఉంటుంది, నూనె చల్లారాక నొక్కాలి. మా దగ్గరికి వచ్చే తమ్ముళ్ళు చెప్పే మాట ఒకటి ఉంది: 'అన్నా, ఊకె ట్రిప్ అవుతుందని ముదీర్ దానికి తీగ కలిపించిండు.' ఇది మేము వేర్వేరు ఊర్ల నుంచి విన్నాం. తీగ కలిపితే పొయ్యి ఆగకుండా పనిచేస్తుంది, నిజమే. కానీ అప్పుడు నూనెకూ నిప్పుకూ మధ్య అడ్డం ఏమీ ఉండదు. వంటనూనె 360 డిగ్రీల పైన తనంత తానే అంటుకుంటుంది. పదేపదే వాడి నల్లబడ్డ నూనె అంతకన్నా ముందే అంటుకుంటుంది. ఊకె ట్రిప్ అవుతుందంటే థర్మోస్టాట్ ఇరుక్కుని ఉంటుంది, లేదా నూనె గీత కన్నా దిగి గుళిక బయటపడి ఉంటుంది. అసలు రోగం అక్కడ ఉంది. తీగ కలిపిన పొయ్యిని ఫోన్‌తో ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.

నూనె మంట గురించి ఒక పాత మార్పు చెప్పాలి. వెనకట జంతువుల కొవ్వులో వేయించినప్పుడు పొడి రసాయనం సరిపోయేది. వెజిటబుల్ నూనెలు, వేడిని బాగా పట్టి ఉంచే కొత్త ఫ్రయర్లు వచ్చాక అది చాలలేదు. మంట ఆరినట్టే ఆరి మళ్ళీ లేచేది. అమెరికాలో 1994 నవంబర్‌లో యూఎల్ 300 అనే కొత్త ప్రమాణం అందుకే వచ్చింది. తడి రసాయనం కాగిన నూనె మీద పడి సబ్బు పొర కడుతుంది, గాలిని ఆపి చల్లబరుస్తుంది. మీ వంటగదిలో వేలాడే సిలిండర్ మీద 'కె' లేదా 'ఎఫ్' అని ఉందా చూడండి. నీళ్ళు మాత్రం వద్దు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, మండే నూనెను పైకప్పు దాకా ఎగరేస్తుంది. గ్యాస్ కట్టేసి, అందితే మూత వేసి, బయటికి రండి. సివిల్ డిఫెన్స్ నంబర్ 998.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి, సోడాతో కడిగే బాయిలౌట్ తర్వాత కూడా ఇదే గండం. కడిగి, కొంచెం వెనిగర్‌తో తుడిచి, మూలల్లో చుక్క లేకుండా ఆరబెట్టాకే నూనె పోయాలి. నూనె తీయకముందు బర్నర్ ఆపాలి, లేకపోతే ఖాళీ గొట్టాలు ఎర్రగా కాలి మిగిలిన నూనెను అంటిస్తాయి. ఇదివరకు నమాజ్ వేళ దుకాణం మూసినప్పుడు నూనె వడగట్టడానికి కాస్త తీరిక దొరికేది. 2021లో ఆ వేళల్లో కూడా తెరిచి ఉంచవచ్చని అనుమతి వచ్చాక, చాలా చోట్ల వడగట్టే పని అర్ధరాత్రికి, అలసిన చేతులకు పోయింది. రంజాన్‌లో సమోసాల గిరాకీకి ఇంకా ఆలస్యం.

కాలినవాడి సంగతి. పారే చల్లని నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టాలి. పేస్టు, పసుపు, ఇంకు పూయకూడదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నుంచి కుళాయిలో వేడి నీళ్ళు వస్తాయి. అందుకని వంటగదిలో రెండు క్యాన్ల తాగే నీళ్ళు నీడలో ఎప్పుడూ ఉంచుకోండి, మంచు ముక్కలు వద్దు. అంబులెన్స్‌కు 997. ఆస్పత్రి కాగితం మీద పని చోట జరిగిన గాయం అని రాయించుకోవాలి. పని ప్రమాదాల కింద ప్రవాసి కార్మికుడికి జీతంలో 2 శాతం లెక్కన గోసీకి కట్టాల్సింది యజమాని, మన జీతంలోంచి కోత లేదు. ఆ కాగితం లేకపోతే కాలిన చెయ్యి ఇంట్లో కాలిందే అవుతుంది.