హార్స్‌పవర్ లెక్కలో కనపడకుండా పోయిన మన బోరు లోతు

మన స్టార్టరు డబ్బా మీద రెండు ముళ్లుంటాయి. ఒకటి ఓల్టేజీ, ఇంకోటి యాంప్స్. మోటారు వేసినప్పుడు వాటి వంక చూసేవాళ్లు ఎంతమంది? ఆఫీసులో అడిగేది ఒక్కటే, "ఎన్ని హెచ్‌పీ?" ఆ ఒక్క అంకె మన పడమటి పల్లెల్ని ఇన్నేళ్లు ఎట్లా ఏలిందో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

హెచ్‌పీ అంటే గుర్రం బలం. ఇంగ్లండులో జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజన్లు అమ్ముకోవడానికి, ఇది ఇన్ని గుర్రాల పని చేస్తుందని చెప్పిన లెక్క. మన కపిల ఎద్దులతో పోల్చి చెప్పినట్టే. 76 కిలోల బరువుని సెకనులో ఒక మీటరు పైకి లేపితే ఒక హెచ్‌పీ. కరెంటు లెక్కలో 746 వాట్లు.

ఓల్టు, యాంప్స్ కథ వేరు. 1827లో జర్మనీలో ఓమ్ అనే బడిపంతులు ఒక పుస్తకం అచ్చేశాడు. ఓల్టుని యాంప్స్‌తో భాగిస్తే ఆ తీగ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో వస్తుందన్నాడు. మొదట్లో ఆయన్ని పట్టించుకున్నోళ్లు తక్కువ. 1841లో జౌల్ అనే బీరు కాచే ఇంటి కుర్రోడు ఇంకో మాట చెప్పాడు: యాంప్స్ రెట్టింపైతే తీగలో వేడి నాలుగింతలు అవుతుంది. మన కాయిళ్లు కాలేది ఎక్కువగా ఈ లెక్క ప్రకారమే.

ఇక మన దగ్గరికొద్దాం. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 దాకా కర్నూలు జిల్లాలోవి. రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో వచ్చింది. ఆ రోజుల్లో సేద్యం మోటారుకీ మీటరుండేది, కాల్చినన్ని యూనిట్లకి డబ్బు. 1982లో ఆ పద్ధతి పోయి హెచ్‌పీ లెక్కన శ్లాబు వచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వంలో హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయలు. రైతుకి అది పెద్ద ఊరట, కాదనను. కానీ మీటరుతో పాటు కొలతా పోయింది. ప్లేటు మీద 3 హెచ్‌పీ, లోపల 5 హెచ్‌పీ కాయిలు. ఇట్లాంటివి నాలుగు చేరితే ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు కాగితంలో ఒకటి, తీగలో ఇంకోటి.

అప్పుడేమవుద్దో లెక్కేద్దాం. 5 హెచ్‌పీ అంటే ఇరుసు మీద 3,730 వాట్లు. మోటారులో పోయేది పోగా లైను నుంచి లాగేది సుమారు 5,300. మూడు ఫేజులకి సూత్రం: ఓల్టు × యాంప్స్ × 1.73 × పవర్ ఫ్యాక్టరు. పవర్ ఫ్యాక్టరు 0.8 అనుకోండి. 415 ఓల్టుల దగ్గర 9.2 యాంప్స్ వస్తుంది. లైను చివర 340కి పడిపోతే? నీళ్ల బరువు తగ్గదు గదా, మోటారు 11 యాంప్స్ పైనే లాగుద్ది. కాయిల్లో వేడి ఒకటిన్నర రెట్లు. వైండింగు షాపుల దగ్గర వరసలు ఊరికే రాలేదు.

కేబులూ అంతే. 500 అడుగుల బోరుకి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి కేబులు దించితే ఒక్కో తీగ అడ్డు సుమారు 1 ఓమ్. 9.2 ని 9.2 తో గుణిస్తే 85 వాట్లు, మూడు తీగలకి 255. అదంతా బోరు గోడలకి వెచ్చదనం! 4 స్క్వేర్ ఎంఎం వేస్తే 165కి దిగుతుంది.

2000 తర్వాతి ఏళ్లలో 11 కేవీ లైనుని పొలం దాకా తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టింది కూడా ఇందుకే. ఓల్టేజీ 26 రెట్లు పెరిగితే యాంప్స్ అన్ని రెట్లు తగ్గుతాయి, అదే తీగలో వేడి ఏడొందల రెట్లు తగ్గుద్ది. ఓమ్, జౌల్ మాటలు మన చేలల్లోకి రావడానికి నూటయాభై ఏళ్లు దాటింది.

ఇప్పుడు అసలు సంగతి. 5 హెచ్‌పీ అంటే సెకనుకి 380 కిలోలు ఒక మీటరు లేపే బలం. 10 మీటర్ల లోతులో నీళ్లున్న డెల్టా రైతుకి లెక్కప్రకారం 38 లీటర్లు. 150 మీటర్ల లోతు నుంచి తోడే మనకి రెండున్నర లీటర్లు. పంపులో సగం పోతే లీటరుంపావు. మోటారు ఒకటే, శ్లాబు ఒకటే, నీళ్లు మాత్రం పదిహేనో వంతు. హెచ్‌పీ లెక్కలో లోతుకి గడే లేదు.

2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపు మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. 2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద వైఎస్ సంతకం పెట్టారు. అక్కడితో డబ్బు గొడవ తగ్గింది. 2020 సెప్టెంబరులో మళ్లీ మీటర్లు, నగదు బదిలీ అని జీవో వచ్చింది, శ్రీకాకుళంలో మొదలెట్టారు. మీటరు మంచిదా చెడ్డదా అని కొట్టుకున్నాం గానీ, నా ఉద్దేశంలో అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: ఎకరానికి యూనిట్లు అని లెక్క కడితే అందులో లోతు ఎక్కడ రాస్తారు? 9 గంటలు వేస్తే మన మోటారూ 48 యూనిట్లే, డెల్టా మోటారూ 48 యూనిట్లే.

అది అడగాలంటే మన చేతిలో అంకెలుండాలి. ఓల్టేజీ, యాంప్స్ నోటుబుక్కులో రాసుకోండి. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లో చూడండి. 5 హెచ్‌పీకి, నీళ్లు 500 అడుగుల్లో ఉంటే, 160 సెకన్లు సరైన లెక్క. 250 పడుతుంటే పంపైనా అరిగింది, నీళ్లైనా దిగాయి.